కాంటెంపరరీ ఆర్ట్ మ్యూజియంకి వెళ్తున్నారా? మూడంటే మూడే చూసి రండి

కాలేజీ వాళ్లు తీసుకెళ్తున్నారనో, అసైన్‌మెంట్ ఇచ్చారనో, ఊరికే ఒకసారి చూద్దామనో మీరు సమకాలీన కళ మ్యూజియంకి వెళ్లబోతున్నారు అనుకుందాం. లోపలికి వెళ్లిన పది నిమిషాల్లో మీ బుర్రలో తిరిగే మాటలు నాకు తెలుసు, నా బుర్రలోనూ అవే తిరిగాయి కాబట్టి: "ఇది ఆర్టా? ఇది నేనూ చేయగలను కదా. పక్కనున్న వాళ్లందరికీ ఏదో అర్థమవుతున్నట్టే ఉంది, నాకొక్కడికే కావట్లేదా?"

మొదటిసారి వెళ్లినప్పుడు నేను రెండు గంటల్లో నాలుగు అంతస్తులు చుట్టేసి, 140 ఫోటోలు తీసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నోట్‌బుక్ తెరిస్తే రాయడానికి ఒక్క వాక్యం దొరకలేదు. ఫోటోల్లో సగం, వస్తువుల పక్కన వివరాలు రాసి పెట్టే లేబుళ్లు, మిగతా సగం ఫ్రెండ్స్ వీపులు. రిపోర్టు ఎలాగోలా ఇంటర్నెట్లో చదివింది అటూ ఇటూ మార్చి రాసి ఇచ్చాను, అది చదివిన మా సార్‌కి కూడా ఆ సంగతి తెలిసిపోయింది. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను, ఒంటరిగా, క్లాసుతో, జూనియర్లని వెంటేసుకుని. అలా తిరిగి తిరిగి కుదిరిన పద్ధతి ఇది.

ముందు రోజు

మ్యూజియం వెబ్‌సైట్‌లో వేళలు చూడండి. చాలా మ్యూజియంలకి వారంలో ఒక రోజు సెలవు, ఎక్కువ చోట్ల అది సోమవారం. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది: మ్యూజియం తెరిచే ఉంటుంది, మీరు చూడాలనుకున్న ప్రదర్శన మాత్రం మొన్ననే అయిపోయి, కొత్తది అమర్చడం కోసం ఆ హాలుకి అడ్డంగా తాడు కట్టి ఉంటుంది. ఇలాంటి మ్యూజియంలలో కొన్ని నెలలు ఉండి వెళ్లిపోయే ప్రదర్శనలు చాలా ఉంటాయి, అందుకే తేదీలు కూడా చూసుకోవాలి.

తర్వాత అసైన్‌మెంట్ ప్రశ్నని నోట్‌బుక్ మొదటి పేజీలో ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. చిన్నపనే గానీ, తీరా అక్కడికి వెళ్లాక "సార్ ఒక్కదాని గురించి రాయమన్నారా, రెండింటిని పోల్చమన్నారా" అని ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేస్తూ నిలబడే వాళ్లని చాలామందిని చూశాను.

ముందే ఎంత చదువుకుని వెళ్లాలి అని అడుగుతారు. నా మాటైతే, చాలా కొంచెం. ప్రదర్శన పేరు, అందులో ఒకరిద్దరు ఆర్టిస్టుల గురించి అరపేజీ, అంతే. అన్నీ చదివేసి వెళ్తే మీ కళ్లు కొత్తగా ఏమీ చూడవు, చదివింది అక్కడ ఉందో లేదో సరిచూసుకుని వచ్చేస్తాయి.

సంచిలో పెన్సిలు తప్పకుండా ఉండాలి. పెన్ను కాదు. ఇంకు మరక ఒకసారి కాన్వాసు మీదో కాగితం మీదో పడితే పోదు, అందుకే చాలా మ్యూజియంలలో పెన్సిలుతో మాత్రమే రాయనిస్తారు. నడిచి నడిచి కాళ్లు లాగుతాయి కాబట్టి అలవాటైన చెప్పులో బూట్లో వేసుకోండి, కొత్తవి వద్దు. లోపల ఏసీ చల్లగా ఉంటుంది, పల్చటి స్వెటరో శాలువో పెట్టుకోండి. స్టూడెంట్ ఐడీ కార్డు కూడా, చాలా చోట్ల టికెట్‌లో రాయితీ ఉంటుంది.

లోపలికి వెళ్లగానే

పెద్ద బ్యాగు లాకర్లో పెట్టేయండి. వీపున తగిలించుకునే బ్యాగు వల్ల వచ్చే ఇబ్బంది ఏమిటంటే, మనం పక్కకి తిరిగినప్పుడు వెనక ఏం తగులుతుందో మనకి కనిపించదు, అందుకే దాన్ని ముందుకి వేసుకోమనో లోపలికే తేవద్దనో చెబుతారు. చేతిలో నోట్‌బుక్, పెన్సిలు, ఫోను. అంతే.

కౌంటర్లో రెండు ప్రశ్నలు అడగండి. ఫోటోలు ఎక్కడ తీయొచ్చు, ఎక్కడ తీయకూడదు? ఇవాళ ఎవరైనా దగ్గరుండి చూపించే టూర్ ఉందా, ఎన్నింటికి? ఫోటోల రూలు మ్యూజియం మొత్తానికీ ఒకటే ఉండకపోవచ్చు, అప్పు తెచ్చిన వస్తువులకి ఒకలా, మ్యూజియం సొంతవాటికి ఒకలా ఉంటుంది. ఫ్లాష్ మాత్రం ఎక్కడా వేయొద్దు. టూర్ ఉంటే మీరు ఒక చుట్టు తిరిగాక కలిసేలా చూసుకోండి, మొదట్లోనే కలిస్తే వాళ్లు ఆగిన చోటే మీరూ ఆగుతారు, వాళ్లు చూసిందే మీరూ చూస్తారు.

మొదటి చుట్టు: ఆగకుండా

అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. అన్ని గదులూ నడిచేయండి. లేబుళ్లు చదవొద్దు, ఫోటోలు తీయొద్దు, ఎక్కడా నిమిషం కన్నా ఎక్కువ నిలబడొద్దు. పెళ్లిలో భోజనానికి కూర్చునే ముందు ఏమేం వడ్డిస్తున్నారో ఒకసారి తొంగి చూసి వస్తాం కదా, అలాగన్నమాట. కాలు తనంతట తాను నెమ్మదించిన చోటల్లా నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసుకోండి: "రెండో గది, ఎర్ర కుర్చీలు", "మెట్ల కింద, ఏడుపు శబ్దం".

ఈ తొందరకి కారణం ఉంది. మ్యూజియంలో కలిగే అలసట మీద 1916లోనే బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ అనే ఆయన వ్యాసం రాశాడు, జనం ఎక్కడెక్కడ వంగి, మెడ సాచి, మోకాళ్ల మీద కూర్చుని చూడాల్సి వస్తోందో ఫోటోలు తీయించి మరీ. అప్పటికీ ఇప్పటికీ మనుషుల మెడలేం మారలేదు. మొదటి గది నుంచే ఒక్కొక్కటీ శ్రద్ధగా చదువుకుంటూ వెళ్తే మూడో గదికి వచ్చేసరికి కళ్లు చూస్తుంటాయి, బుర్ర మాత్రం బెంచీ కోసం వెతుకుతుంటుంది. ఓపిక అయిపోకముందే ఎక్కడ ఆగాలో తెలియాలి, అందుకే ఈ చుట్టు.

మూడింటిని ఎంచుకోండి

ఒకటి మీకు నచ్చింది. ఇంకోటి మీకు చిరాకు తెప్పించింది. మూడోది ఎందుకో తెలీదు గానీ మీరు వెనక్కి తిరిగి మరీ చూసింది.

చిరాకు తెప్పించినదాన్ని వదిలేయొద్దని మరీ మరీ చెబుతున్నాను. నచ్చినదాని గురించి "బాగుంది" అన్నాక ఇంకేం రాయాలో తోచదు, చిరాకు వచ్చినదాని మీద మాత్రం రెండు పేజీలు ఆపకుండా రాయగలం. ఎందుకు చిరాకు వచ్చిందో తవ్వుకుంటూ పోతే, కళ అంటే ఇలా ఉండాలి అని మనం ఎప్పుడో మనసులో గీసుకున్న గీత ఒకటి బయటపడుతుంది. దాని గురించి రాస్తే అది మీ సొంత రాత అవుతుంది, ఎక్కడా కాపీ కొట్టడానికి దొరకదు.

ఒక్కొక్కదాని ముందు పది నిమిషాలు

అసలు పని ఇదే, మిగతావన్నీ దీని కోసమే.

2001లో వచ్చిన ఒక అధ్యయనంలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పేరున్న బొమ్మల ముందు జనం ఎంతసేపు నిలబడుతున్నారో గడియారం పెట్టి లెక్కేశారు. సగటు 27 సెకన్లు. అదీ లేబుల్ చదివే టైంతో కలిపి. చూసినవాళ్లలో సగం మందైతే 17 సెకన్లు కూడా ఆగలేదు. అంటే మీరు పది నిమిషాలు నిలబడితే చాలు, అక్కడికొచ్చే చాలామంది కన్నా ఎక్కువ చూసినట్టే. హార్వర్డ్‌లో జెన్నిఫర్ రాబర్ట్స్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థుల్ని ఒకే బొమ్మ ముందు మూడు గంటలు కూర్చోమంటుంది, మనకి అంత శిక్ష అక్కర్లేదు.

లేబుల్ వైపు చూడకుండా, కనిపించింది మాత్రమే రాయండి. "బాధని సూచిస్తోంది" వద్దు, "ఒంటరితనం" వద్దు. రంగు, సైజు, దేనితో చేశారు, ఎలా నిలబెట్టారు, నీడ ఎటు పడుతోంది, చప్పుడు ఉందా, వాసన ఉందా. నా నోట్‌బుక్‌లోంచి ఒకటి చూపిస్తాను, అప్పట్లో గీకింది గీకినట్టే.

మొదటి రెండు నిమిషాలు: "గోడకి బూడిద రంగు దుప్పటి లాంటిది. నాకన్నా ఎత్తు, చేతులు రెండూ చాపినా అందనంత వెడల్పు. కింది అంచు సమానంగా లేదు. ఎడమ పక్క నేలకి తగులుతోంది, కుడి పక్క జానెడు పైకి ఉంది." మూడో నిమిషం: "బోర్. ఇంకేం లేదు." ఇలా నిజంగానే రాశాను, ఫోను కూడా తీసి చూశాను. ఐదో నిమిషంలో కాళ్లు నొప్పి పుట్టి పక్కకి జరిగితే వెలుతురు వాలుగా పడి: "నేత కాదు. సన్న గీతలు, అన్నీ కిందికే." ఏడో నిమిషం, దాటకూడదని నేల మీద గీసిన గీత దాకా వెళ్లి మెడ సాచి చూస్తే: "వెంట్రుకలు!!" రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి కింద గీత కొట్టాను, ఒళ్లు జలదరించింది, ఒక అడుగు వెనక్కి వేశాను. తొమ్మిదో నిమిషం, గొంతుకూర్చుని చూస్తే: "పైన నల్లవి ఎక్కువ. కిందికి వచ్చేకొద్దీ తెల్లవి. దూరం నుంచి బూడిద రంగు అనిపించింది ఇదే."

అప్పుడు వెళ్లి లేబుల్ చదివాను. వాడినవి మనిషి వెంట్రుకలు, నూలు. సంవత్సరం ఉండాల్సిన చోట ఒకటి కాదు, రెండు సంవత్సరాలు, మధ్యలో గీత, పదకొండేళ్ల తేడా. ఆ తెలుపు రంగు వేసింది కాదు, ఆ పదకొండేళ్లలో జుట్టు నెరిసి వచ్చింది కావచ్చు అని నాకు అనిపించింది. నా ఊహే, రిపోర్టులోనూ ఊహ అనే రాశాను. కానీ ముందే లేబుల్ చదివి ఉంటే "ఓహో, వెంట్రుకలట" అనుకుని రెండో నిమిషంలో పక్క గదికి వెళ్లిపోయేవాడిని, నలుపు తెలుపుగా మారడం నా కంట పడేదే కాదు.

మూడో నిమిషంలో బోర్ కొట్టడం మామూలే, అందరికీ వస్తుంది. దాన్ని దాటడానికి ఒకే చిట్కా: కదలండి. దగ్గరికి, దూరానికి, పక్కకి, కిందికి. కొన్ని కదిలితే తప్ప కనిపించవు. ఘానాలో పుట్టి ఎక్కువ కాలం నైజీరియాలో పనిచేసిన ఎల్ అనాత్సుయి అనే ఆర్టిస్టు పెద్ద పెద్ద తెరల్లాంటివి చేస్తాడు, దూరం నుంచి చూస్తే జరీ బట్ట ముడతలు పడి వేలాడుతున్నట్టు ధగధగలాడతాయి, దగ్గరికి వెళ్తే అవి సారా సీసాల మూతలు, వేలకి వేలు, నలగ్గొట్టి రాగి తీగతో కుట్టినవి. పైగా వాటిని ఎలా వేలాడదీయాలన్నది అమర్చే వాళ్లకే వదిలేస్తాడు, అందుకని ఒకే తెర ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది. ఫోటోలో ఇదేదీ తెలియదు.

ఏం రాయాలో తోచకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ ఏం జరుగుతోంది? అలా ఎందుకంటున్నాను, ఏం చూసి? ఇంకా ఏం కనిపిస్తోంది? మ్యూజియంలలో పిల్లలకి బొమ్మలు చూడటం నేర్పడానికి ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ అనే ఇద్దరు తయారుచేసిన పద్ధతి ఇది. రెండో ప్రశ్నే అసలు మందు. "విషాదంగా ఉంది" అని రాశారా, వెంటనే "ఏం చూసి?" అని అడగండి, జవాబు లేకపోతే కొట్టేయండి.

ఇప్పుడు లేబుల్

లేబుల్‌లో ఆర్టిస్టు పేరు, పుట్టిన సంవత్సరం, చేసినదానికి పేరు పెట్టి ఉంటే ఆ పేరు, చేసిన సంవత్సరం, దేనితో చేశారు, కొలతలు, ఎవరి సొత్తు, చివర్న ఒక నంబరు. విద్యార్థులు ఎక్కువగా పేరు చూసి ఆగిపోతారు. నన్నడిగితే ముందు చదవాల్సింది దేనితో చేశారన్న లైను. "నూనె రంగులు, కాన్వాసు" అని ఉంటే సరే. "మట్టి, తుప్పు, శబ్దం" అని ఉంటే ఆగి ఆలోచించాల్సిందే. కొలతల్లో మామూలుగా ఎత్తు ముందు వస్తుంది, తర్వాత వెడల్పు. "కొలతలు మారుతుంటాయి" అని ఉందంటే స్థలాన్ని బట్టి మళ్లీ మళ్లీ అమర్చేదని అర్థం. చివరి నంబరు చాలా మ్యూజియంలలో వాళ్లు ఆ వస్తువుని తీసుకున్న సంవత్సరంతో మొదలవుతుంది, చేసిన సంవత్సరంతో పోల్చి చూడండి. ముప్ఫై ఏళ్ల తర్వాత తీసుకున్నారంటే, అంతకాలం ఎందుకు పట్టింది అనేది మంచి ప్రశ్న.

లేబుల్‌ని కూడా పూర్తిగా నమ్మేయకండి, అది ఎవరో ఒకరు రాసిందే. ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ అనే ఆర్టిస్టు 1991లో చేసినది ఒకటుంది: గది మూలలో రంగురంగుల కాగితాల్లో చుట్టిన చాక్లెట్ల కుప్ప, బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు ఉండాలని లెక్క. వచ్చినవాళ్లు ఒక్కోటి తీసుకెళ్లొచ్చు, కుప్ప తరుగుతుంది, మళ్లీ నింపొచ్చు. పేరు అన్‌టైటిల్డ్, అంటే పేరు లేనిది, పక్కన బ్రాకెట్లో "లాస్ ఏంజెలిస్‌లో రాస్ చిత్రపటం" అని ఉంటుంది. రాస్ అతని ప్రియుడు, ఎయిడ్స్‌తో ఆ ఏడే చనిపోయాడు. ఇది తెలిసి చూస్తే చాక్లెట్ తీసుకోవడానికి చెయ్యి ఆడదు. తెలియకపోతే జేబు నింపుకుంటాం. చికాగోలో దీని పక్కన ఉన్న లేబుల్‌లో రాస్ ప్రస్తావన, ఎయిడ్స్ ప్రస్తావన లేకుండా పోయిందని 2022లో గొడవ కూడా అయింది, తర్వాత మార్చి రాశారు. కుప్ప అదే, మూల అదే, నాలుగు లైన్లు మారేసరికి చూసేది మారిపోయింది.

"ఇది ఆర్టా?" అన్న డౌట్ వస్తే

వస్తుంది. రానివ్వండి, అణచుకోవద్దు, నోట్‌బుక్‌లో రాసేయండి కూడా. కానీ దాన్ని జవాబు దొరికే ప్రశ్నగా మార్చుకోండి. దీన్ని ఎవరు చేశారు, ఎంతమంది చేశారు, ఎన్నాళ్లు పట్టింది, ఇక్కడికి తెచ్చి పెట్టక ముందు ఇది ఏమిటి, ఇందులోంచి ఒక్కటి తీసేస్తే ఏమవుతుంది?

ఉదాహరణకి 2010లో లండన్‌లోని టేట్ మోడరన్ అనే మ్యూజియంలో చైనా ఆర్టిస్టు ఐ వెయ్‌వెయ్ పొద్దుతిరుగుడు గింజలు నేలంతా పరిచాడు. గింజలు పోసి ఆర్ట్ అంటాడేంటి అనిపిస్తుంది. అవి గింజలు కావు, పింగాణీ, దాదాపు పది కోట్లు, చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్‌లో 1,600 మంది దాకా పనివాళ్లు ఒక్కోదానికీ చేత్తో చారలు గీశారు. మొదట్లో జనాన్ని వాటి మీద నడవనిచ్చారు, కొద్ది రోజులకే పింగాణీ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదని ఆపేశారు. ఇప్పుడు "ఇది ఆర్టా" అనే ప్రశ్న పక్కకి పోయి, ఒక్కో గింజకీ ఒక మనిషి చెయ్యి తగిలినా ఏ గింజ ఎవరిదో చెప్పలేం కదా అన్న ఆలోచన వస్తుంది. దాని మీద రాయొచ్చు.

"నేనూ చేయగలను" అనిపించే వాటికి జోసెఫ్ కొసుత్ అనే ఆర్టిస్టు 1965లో చేసిన కుర్చీలు మంచి మందు. ఒక మామూలు కుర్చీ, పక్కన అదే కుర్చీ ఫోటో, ఇంకో పక్కన నిఘంటువులో కుర్చీ అన్న మాటకి ఇచ్చిన అర్థం. నిజమే, మీరూ చేయగలరు, చేతి పనితనం ఏమీ లేదు. కానీ ఈ మూడింటిలో ఏది కుర్చీ అని పక్కవాళ్లని అడిగి చూడండి, గొడవ ఖాయం.

ఇంతా చేసి కూడా కొన్ని ఏమీ అనిపించవు. అన్నీ గొప్పవేం కావు, మ్యూజియంలో పెట్టినంత మాత్రాన పొగడాలని లేదు. పది నిమిషాలు నిలబడ్డాక నచ్చకపోతే నచ్చలేదని రాయండి, కారణాలతో.

వీడియోలు, చీకటి గదులు, ముట్టుకునేవి

వీడియో అయితే తలుపు దగ్గర నిడివి చూడండి. ఏడు నిమిషాలైతే పూర్తిగా చూడండి, మధ్యలో దూరితే మళ్లీ అక్కడికి వచ్చేదాకా. పెద్దదైతే ఇరవై నిమిషాలు చూసి, ఇరవై నిమిషాలే చూశానని రాయండి, తప్పేం లేదు. క్రిస్టియన్ మార్క్‌లే 2010లో చేసిన ది క్లాక్ 24 గంటల నిడివి, సినిమాల్లో గడియారాలు కనిపించే ముక్కలన్నీ ఏరి, తెర మీది టైమూ మీ చేతి గడియారం టైమూ ఒకటే అయ్యేలా కూర్చాడు. దాన్ని పూర్తిగా చూడమని ఎవరూ అడగరు.

చీకటి గదిలోకి వెళ్లి ఏమీ లేదని వెంటనే బయటికి రావొద్దు, కళ్లు చీకటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మినుకుమినుకుమనే లైట్లు పడనివాళ్లు తలుపు మీద హెచ్చరిక చదివి వెళ్లండి. హింసో మరొకటో చూసి తట్టుకోలేకపోతే బయటికి వచ్చేయండి, మార్కులు పోవు.

ముట్టుకోవడం గురించి: ముట్టుకోండి అని రాసి ఉంటేనే. మన వేళ్లకి నూనె, చెమట ఉంటాయి, ఒక్కరు తాకితే కనిపించదు, రోజుకి వెయ్యి మంది తాకితే కనిపిస్తుంది. సమకాలీన కళలో తిప్పలేమిటంటే ఏది ఆర్టో ఏది మ్యూజియం సామానో కొన్నిసార్లు తెలియదు. 2015లో ఇటలీలోని బొల్జానోలో ఖాళీ షాంపేన్ సీసాలు, సిగరెట్ పీకలతో చేసిన ఇన్‌స్టలేషన్‌ని, అంటే గదిలో వస్తువులు అమర్చి చేసిన కళని, క్లీనింగ్ వాళ్లు రాత్రి పార్టీ చెత్త అనుకుని ఊడ్చి సంచుల్లో వేసేశారు. దీనికి సరిగ్గా రివర్స్, 2016లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కుర్రాళ్లు మ్యూజియం నేల మీద ఒక కళ్లజోడు పెట్టి పక్కకి నిలబడితే జనం చుట్టూ మూగి ఫోటోలు తీశారు. 2018లో పోర్చుగల్‌లో అనీష్ కపూర్ చేసిన నల్లటి గుండ్రటి గుంతని చూసి, అది నేల మీద వేసిన రంగనుకున్నారో ఏమో, ఒకాయన అందులో పడ్డాడు, రెండున్నర మీటర్ల లోతు. నిజమైన గుంతే. 2023లో సియోల్‌లో ఒక విద్యార్థి, మౌరిజియో కాటెలాన్ అనే ఆర్టిస్టు ఆర్ట్‌గా గోడకి టేపుతో అంటించిన అరటిపండుని తీసి తినేసి, తొక్కని మళ్లీ అంటించి, పొద్దున టిఫిన్ చేయలేదని చెప్పాడు. కాబట్టి టిఫిన్ చేసి వెళ్లండి. అనుమానం వస్తే అక్కడున్న గార్డుని అడగండి.

గార్డుల్ని వేరే విషయాలూ అడగండి, ఇది చాలామందికి తోచదు. ప్రదర్శనలో ఏం పెట్టాలో ఎంచి అమర్చే క్యూరేటర్ ఆ గదిలో ఎంతసేపు ఉంటారో గానీ గార్డు మాత్రం రోజంతా, నెలల తరబడి ఆ వస్తువుతోనే ఉంటారు. "జనం దీని ముందు ఎక్కువగా ఏమంటారండి?" అని అడిగి చూడండి. ఒకసారి ఒక గార్డు నాతో, "పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్లు వాళ్లని కసురుతారు, ఇది మాత్రం నవ్వడానికి చేసిందే" అన్నాడు. నా రిపోర్టు మొత్తం ఆ ఒక్క మాట చుట్టూ అల్లుకున్నాను. రద్దీగా ఉన్నప్పుడు మాత్రం కదిలించొద్దు, వాళ్ల డ్యూటీ వాళ్లది.

ఫోటోలు చివర్న

చూడటం అయ్యాకే ఫోను తీయండి. 2014లో అచ్చయిన లిండా హెంకెల్ ప్రయోగంలో, మ్యూజియంలో ఫోటో తీసిన వస్తువుల్ని జనం, ఊరికే చూసిన వాటికన్నా తక్కువ గుర్తుపెట్టుకున్నారు. కెమెరా గుర్తుపెట్టుకుంటుందిలే అని బుర్ర ఊరుకుంటుంది కాబోలు. కానీ అదే ప్రయోగంలో, జూమ్ చేసి ఒక భాగాన్ని మాత్రమే తీసినవాళ్లకి అలా తగ్గలేదు. అందుకని నేను ఒక్కోదానికి నాలుగు తీస్తాను: గదితో కలిపి దూరం నుంచి ఒకటి, మొత్తం ఒకటి, నన్ను ఆపిన చిన్న భాగం ఒకటి, చివరగా లేబుల్. లేబుల్ ఎప్పుడూ చివర్న తీస్తే ఫోను గ్యాలరీలో దేని ఫోటోలు ఎక్కడ అయిపోయాయో తెలుస్తుంది. 140 కాదు, పన్నెండు.

ఇంకా ఓపిక ఉంటే, ఫోటోకి బదులు పెన్సిలుతో ఒక గీత బొమ్మ వేయండి. బాగా రాదు. వేయడానికి పదిసార్లు తలెత్తి చూడాల్సి వస్తుంది, మనకి కావాల్సింది అదే.

ఆ రాత్రే రాయండి

రేపు అనుకుంటే సగం పోతుంది. అరగంట చాలు, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చిత్తుప్రతి. మొదట చూసింది, తర్వాత అది ఎలా కూర్చి ఉంది, తర్వాత అది మీకు ఏమనిపించింది, ఎందుకు, అన్నిటికన్నా చివర్న బాగుందో లేదో. చాలామంది చివరిదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

"ఈ కళాకృతి ఆధునిక మానవుడి అంతర్మథనాన్ని అద్భుతంగా ఆవిష్కరిస్తుంది" లాంటి వాక్యం వచ్చిందా, కొట్టేయండి. ఇదే వాక్యం మ్యూజియంలో ఉన్న మరో వంద వస్తువుల కింద పెట్టినా సరిపోతుంది, అదే దాని రోగం. "దూరం నుంచి దుప్పటి అనుకున్నాను, వెంట్రుకలని తెలిశాక ఒక అడుగు వెనక్కి వేశాను" అన్నది ఆ ఒక్కదాని కిందే సరిపోతుంది. రాసిన ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి.

దీని తర్వాతే ఆర్టిస్టు గురించి ఇంటర్నెట్లో చదవండి, మీరు చూసినదానితో అది ఎక్కడ కలిసింది, ఎక్కడ కలవలేదు అన్నది ఒక పేరా రాయండి. కలవకపోతే మీది తప్పు అనుకుని మార్చేయకండి, కలవలేదనే రాయండి. ఏఐతో రాయిస్తే ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు: మీరు నేల మీద గొంతుకూర్చున్నప్పుడు అది అక్కడ లేదు, అందుకని పైన చెప్పిన అంతర్మథనం వాక్యాలే ఎక్కువగా ఇస్తుంది.

ఇచ్చేముందు ఫోటోల్లోని లేబుళ్లు దగ్గర పెట్టుకుని పేర్లు, సంవత్సరాలు, వాడిన పదార్థాలు ఒక్కొక్కటీ సరిచూడండి. నా మొదటి రిపోర్టులో ఆర్టిస్టు ఇంటిపేరు మూడు చోట్ల మూడు రకాలుగా రాశాను, అందులో ఒకటి వేరే ఆర్టిస్టు పేరు.